ఆయుధాలు పెరగని ఆటలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగినదాని సారాంశం ఇది. ఏళ్ళ తరబడి పెద్ద సంస్థల తుపాకీ ఆటలూ, లెవెల్ పెంచుకునే ఆటలూ ఆడి విసిగిపోయారు. ఎంత ఆడినా పాత్ర చేతిలో ఆయుధం మారుతోంది తప్ప మీలో ఏమీ మారడం లేదనిపిస్తోంది. ఆఫీసు పని ముగిశాక రోజుకు ఒక గంట దొరుకుతుంది. గ్రాఫిక్స్ కార్డ్ లేని మామూలు లాప్‌టాప్ ఉంది. ఇంటర్ చదువుతున్న చెల్లెలు కూడా పక్కన కూర్చుని ఆడాలనుకుంటోంది గాని, పొడవైన ఇంగ్లీషు సంభాషణలు చదవడం ఆమెకు కష్టం. ఈ పరిస్థితిలో ఏ ఇండీ గేమ్‌లు (ఒకరిద్దరో, చిన్న బృందాలో సొంతంగా చేసే ఆటలు) కొనాలి, దేనితో మొదలుపెట్టాలి అని అడిగారు.

మీలో ఏమీ మారడం లేదన్న మాట దగ్గర నేను ఆగిపోయాను, ఎందుకంటే నాకు ప్రాణప్రదమైన ఇండీ గేమ్‌లన్నీ సరిగ్గా ఆ లోటును తీర్చేవే. మామూలుగా ఆటలో మూసిన తలుపు ఎదురైతే ఎక్కడో తాళంచెవి సంపాదించాలి, లేదా ఇంకో పది లెవెల్స్ పెరిగి రావాలి. నేను చెప్పబోయే ఆటల్లో చాలా తలుపులకు మొదటి నిమిషం నుంచీ తాళమే ఉండదు. దాన్ని ఎలా తెరవాలో, ఎప్పుడు తెరవాలో మనకింకా తెలియదు, అంతే. పాత్ర బలం ఆఖరి దాకా ఇంచుమించు అంతే ఉంటుంది, పెరిగేది ఆడేవారి అవగాహన. అందుకే వీటిలో సేవ్ ఫైల్ తుడిచేసి మళ్ళీ మొదలుపెట్టినా మీరు సున్నా దగ్గర ఉండరు. మొదటిసారి ఎన్నో రాత్రులు పట్టిన చోటికి రెండోసారి కొద్ది నిమిషాల్లో వెళ్ళగలుగుతారు. ఒకసారి తెలిసింది మళ్ళీ తెలియకుండా పోదు కనుక, ఇలాంటి ఆటను నిజంగా ఆడగలిగేది జీవితంలో ఒక్కసారే. ఈ కారణంగా కింద ప్రతి ఆట గురించీ ఎంత అవసరమో అంతే చెబుతాను, రహస్యాల జోలికి పోను.

ఒక్కసారి మాత్రమే ఆడదగిన ఆట మీద వందలమంది జీతాలను పణంగా పెట్టడం పెద్ద సంస్థకు కష్టం. ఒకరిద్దరు మనుషులు ఒకే ఆలోచనను పట్టుకుని నాలుగైదేళ్ళు కూర్చోగలరు. ఇండీ అనే మాటకు బడ్జెట్‌ను బట్టి, ప్రచురణకర్తను బట్టి రకరకాల నిర్వచనాలున్నాయి, వాటి మీద వాదోపవాదాలూ జరుగుతుంటాయి. నాకు మాత్రం ఆ ఓపికే ఆ మాటకు అర్థం.

మీ ఇంటి పరిస్థితికి మొదటి ఆటగా నేను సూచించేది చాంట్స్ ఆఫ్ సెన్నార్. ఫ్రాన్స్‌లోని తూలూజ్ నగరానికి చెందిన రన్‌డిస్క్ అనే చిన్న బృందం దీన్ని 2023లో విడుదల చేసింది. బైబిల్లోని బాబెల్ గోపురం కథను ఆధారం చేసుకున్న ఆట ఇది: ఒక మహా గోపురంలో అంతస్తుకొక ప్రజ, ప్రజకొక భాష, భాషకొక లిపి, ఒకరి మాట ఒకరికి తెలియదు. మనకు ఎవరి మాటా తెలియదు. మనిషి ఎదురుపడి మాట్లాడితే నాలుగైదు గుర్తులు కనిపిస్తాయి. తలుపు పక్కన, గోడ మీద, విగ్రహం కింద అవే గుర్తులు మళ్ళీ వేరే వరుసలో కనిపిస్తాయి. అతను చేయి చాచి అటు చూపిస్తూ ఈ గుర్తు అన్నాడు, అక్కడ మీట ఉంది, మీట లాగితే తలుపు తెరుచుకుంది, కాబట్టి ఈ గుర్తుకు అర్థం తలుపైనా కావాలి, తెరవడమైనా కావాలి: ఆట అంతా ఇలా ఊహించి, ఆ ఊహను పక్కన రాసుకుని, తర్వాతి చోట దాన్ని సరిచూసుకుంటూ సాగుతుంది. పరభాష నడుమ బతికిన తెలుగువాళ్ళకు ఇది కొత్త అనుభవమేమీ కాదు. బెంగళూరులో దిగిన మొదటి వారం కన్నడ బస్సు బోర్డును మన లిపికి దగ్గరగా ఉన్న అక్షరాల సాయంతో కూడబలుక్కుని చదివినవారికి, ఆ ఊహ నిజమై బస్సు అనుకున్న చోటికే చేరినప్పుడు కలిగే సంతోషం తెలుసు. ఈ ఆట పది గంటల పాటు ఇచ్చేది ఆ సంతోషాన్నే.

భాషలు పైకి మాత్రమే వేరుగా ఉండవు, లోపలి అమరికా వేరుగా ఉంటుంది. మొదటి ప్రజ బహువచనం కోసం గుర్తును రెండుసార్లు రాస్తారు. ఇంటింటా, ఊరూరా అనే మనకు అది వెంటనే తట్టవచ్చు. ఒకచోట వాక్యంలో పదాల వరుసే మారిపోతుంది. క్రియ చివర ఉండే భాషలో పుట్టి, క్రియ మధ్యలో ఉండే ఇంగ్లీషు నేర్చుకున్న మీ చెల్లెలు అక్కడ మీకంటే ముందు పసిగట్టినా ఆశ్చర్యం లేదు. ఆటను నడపడానికి తెలియవలసిన ఇంగ్లీషు చాలా తక్కువ, అదీ తలుపు, మనిషి, వెళ్ళు, వెతుకు వంటి చిన్న మాటలు. ఒక లోపం చెప్పి తీరాలి: కాపలాదారుల కంట పడకుండా దాక్కుని పోవలసిన ఘట్టాలు కొన్ని ఉన్నాయి, అవి ఈ ఆటకు అతకలేదు. వాటిని ఓర్చుకుని దాటేయండి.

తర్వాత రిటర్న్ ఆఫ్ ద ఓబ్రా డిన్ ఆడండి. ఒక్క ఆటే పేర్కొనమంటే నేను చెప్పే పేరు ఇదే. అంతకుముందు 2013లో పేపర్స్, ప్లీజ్ అనే ఆట చేసిన లూకాస్ పోప్ నాలుగేళ్ళకు పైగా ఒంటరిగా శ్రమించి, సంగీతం కూడా తానే సమకూర్చుకుని 2018లో దీన్ని విడుదల చేశాడు. కాలం 1807. మనం ఈస్ట్ ఇండియా కంపెనీ తరఫున నష్టాన్ని లెక్కకట్టే ఉద్యోగులం. ఏళ్ళ క్రితం అదృశ్యమైన ఓబ్రా డిన్ అనే వాణిజ్య నౌక మనుషులెవరూ లేకుండా ఇంగ్లండ్‌లోని ఫాల్మత్ రేవుకు కొట్టుకువచ్చింది. అందులో ఉండిన అరవై మందిలో ఎవరు ఎవరో, ఒక్కొక్కరికి ఏమైందో, చనిపోతే ఎవరి చేతిలో ఎలా చనిపోయారో పుస్తకంలో నింపాలి.

మన చేతిలో ఒక గడియారం ఉంటుంది. మృతదేహం దగ్గర దాన్ని తెరిస్తే ముందు చీకట్లో కొన్ని క్షణాల మాటలు, చప్పుళ్ళు వినిపిస్తాయి. తర్వాత ఆ మనిషి చనిపోయిన క్షణం బొమ్మలా గడ్డకట్టి నిలబడితే మనం అందులో నడుస్తూ చుట్టూ చూడవచ్చు. చనిపోతున్న మనిషిని చూడటం తేలికే గాని ఆ మనిషి పేరేమిటో ఎవరూ చెప్పరు. పుస్తకం మొదట్లో పేరు, హోదా, స్వదేశం మాత్రమే ఉన్న జాబితా ఉంది, ఓడలోని చిత్రకారుడు గీసిన బొమ్మలున్నాయి. ఈ రెండింటినీ కలపడం మన పని. ఎవరి యాస ఎలా ఉంది, ఎవరు ఎవరి పక్కన కూర్చుని భోంచేస్తున్నారు, ఎవరి దుస్తులు అధికారివి, మూల నిలబడి భయంతో చూస్తున్న ఆ మూడో మనిషి ఎవరు? చావు జరుగుతున్న చోటు నుంచి కళ్ళు తిప్పి గది అంచుల వైపు చూడటం అలవాటైనప్పుడే ఈ ఆట మనకు లొంగడం మొదలవుతుంది. ఆ జాబితాలో స్వదేశం ఇండియా అని ఉన్న నావికులు కూడా ఉన్నారు. 1611లోనే మచిలీపట్నంలో కోఠీ తెరిచిన కంపెనీ నౌక కథలో మన తీరాల నుంచి వెళ్ళిన, లాస్కర్లు అని పిలిచే నావికులు కేవలం గుంపుగా కాక, పేరుపేరునా గుర్తించి తీరవలసిన మనుషులుగా ఉండటం నన్ను కదిలించింది. వాళ్ళ పేర్లు సరిగ్గా నిలబెట్టిన రాత్రి నాకు ఇప్పటికీ గుర్తుంది.

పోప్ చేసిన ఒక నిర్ణయం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆట మొత్తం దాని మీదే నిలబడింది. మీరు రాసిన జవాబు సరైనదో కాదో ఆట వెంటనే చెప్పదు. మూడు జవాబులు పూర్తిగా సరిపోయినప్పుడు మాత్రమే ఆ మూడింటినీ కలిపి అచ్చు వేసి స్థిరపరుస్తుంది. ఒక్కొక్కటిగా ధ్రువీకరించి ఉంటే జాబితాలో పేర్లు వరుసగా పెట్టి చూసి గట్టెక్కేవాళ్ళం. ఏమీ ధ్రువీకరించకపోతే మొదట చేసిన తప్పు చివరి దాకా మోసి, మధ్యలో వదిలేసేవాళ్ళం. మూడు అన్న సంఖ్య వల్ల రెండు గట్టి నిర్ధారణలను ఆసరా చేసుకుని ఒక అనుమానాన్ని పరీక్షించే వీలుంటుంది, కానీ గుడ్డి ఊహలకు చోటు ఉండదు. సెన్నార్‌లో కూడా ఒక పేజీలోని బొమ్మలన్నింటికీ గుర్తులు సరిగ్గా కుదిరితేనే అర్థాలు ఖాయమవుతాయి. ఆ పద్ధతికి మూలం ఎక్కడుందో రెండూ ఆడినవారికి తెలిసిపోతుంది.

ఓబ్రా డిన్ నలుపు తెలుపు చుక్కలతో, పాత కంప్యూటర్ తెరలా కనిపిస్తుంది. మొదటి పది నిమిషాలు కళ్ళకు ఇబ్బందిగా ఉండవచ్చు, తర్వాత అలవాటవుతుంది. సెట్టింగ్స్‌లో ఆ రెండు రంగులనూ మార్చుకోవచ్చు. చావులు నెత్తుటితో, కొన్నిచోట్ల బీభత్సంగా ఉంటాయి కనుక చెల్లెలితో ఆడేముందు ఆ మాట ఆమెకు చెప్పండి. ఇందులో ఇంగ్లీషు కొంత ఎక్కువే, కానీ ఒకరు చదివి చెబుతుంటే మరొకరు ముఖాలు గుర్తుపెట్టుకునే పద్ధతిలో ఇద్దరు కలిసి ఆడటానికి ఇంతకంటే అనువైన ఆట నాకు తెలియదు. నేను ఒక మిత్రుడితో కలిసి ఆడాను. నేను మూడుసార్లు తిరిగి ఏమీ చూడలేని గదిలో ఆయన ఒక్కసారి చూసి, ఆ కాళ్ళెవరివి అని అడిగారు.

మూడోది ఔటర్ వైల్డ్స్. దీనికి మీ లాప్‌టాప్ చాలదేమోనని నా అనుమానం. అయినా చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే అవగాహన మాత్రమే పెరిగే ఆట అన్న ఆలోచన దీనిలో అందుకున్న ఎత్తును మరే ఆటా అందుకోలేదని నా గట్టి నమ్మకం. అలెక్స్ బీచమ్ దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదువుకునేటప్పుడు తన మాస్టర్స్ థీసిస్‌గా మొదలుపెట్టిన పని ఇది. పూర్తి ఆటను మోబియస్ డిజిటల్ 2019లో విడుదల చేసింది, మరుసటి ఏడాది బ్రిటన్ బాఫ్టా అవార్డుల్లో ఉత్తమ గేమ్‌గా నిలిచింది.

ఒక చిన్న సౌరకుటుంబం, చెక్కతో చేసినట్టుండే ఒక బుల్లి వ్యోమనౌక, అందులో మొదటిసారి ఎగరబోతున్న మనం. ఇరవై రెండు నిమిషాలకు సూర్యుడు పేలిపోతాడు, అందరూ పోతారు, మనం మళ్ళీ అదే మంట పక్కన నిద్రలేస్తాం. ఎందుకిలా జరుగుతోందో తెలుసుకోవడమే ఆట. ఇంధన ట్యాంకు పెరగదు, నౌకకు కొత్త ఇంజిన్ రాదు, కొనుక్కోవడానికి అంగడి లేదు. మొదటి రోజున ఏ గ్రహానికైనా వెళ్ళవచ్చు. అక్కడ ఇరవై రెండు నిమిషాల్లో లోకం తన పద్ధతిలో తాను మారుతూ ఉంటుంది: జంటగా తిరిగే రెండు గోళాల్లో ఒకదాని ఇసుక గడియారంలోలాగా మరొకదాని మీదికి కారుతుంటుంది, కాబట్టి ఒకచోట గుహలు పూడిపోతుంటే మరోచోట కప్పబడిపోయినవి బయటపడుతుంటాయి. ఇంకో గ్రహం మధ్యలో కృష్ణబిలం ఉంది, నేల ముక్కలు ముక్కలుగా అందులోకి రాలిపోతుంటుంది. ఎక్కడ అన్నదానితోపాటు ఎప్పుడు అన్నది కూడా తెలిస్తేనే కొన్ని చోట్లకు చేరగలం. ఆ తెలివిని కూడబెట్టుకోవడానికి నౌకలో ఒక పట్టిక ఉంటుంది. చనిపోయినా అది చెరిగిపోదు, ఏ సంగతికి ఏ సంగతి ముడిపడి ఉందో గీతలతో చూపిస్తుంది, ఒకచోట తెలుసుకోవలసింది ఇంకా మిగిలి ఉంటే ఆ మాట కూడా చెబుతుంది.

నేను ఈ ఆటను మొదటిసారి ఆరేడు గంటలు ఆడి, ఒక చోట చిక్కుకుని, విసిగి, నెలల పాటు పక్కన పెట్టేశాను. తప్పు నాదే. నేను పాత అలవాటు కొద్దీ ఆ చోటును బలవంతంగా దాటాలని పదేపదే ప్రయత్నించాను. జవాబు మరో గ్రహం మీద, ఎప్పుడో గతించిన వారు గోడ మీద రాసుకున్న నాలుగు వాక్యాల్లో ఉంది. ఈ తరహా ఆటలన్నింటికీ పనికొచ్చే సలహా నాకు అక్కడే దొరికింది: ఒకచోట ఆగిపోతే అక్కడ పట్టుబట్టకుండా, ఇంకా చూడని చోటికి వెళ్ళాలి. మీ యంత్రంపై నడవకపోతే మంచి కంప్యూటరో కన్సోలో అందుబాటులోకి వచ్చేవరకు ఆగండి. ఆగినన్నాళ్ళూ దీని గురించి వీడియో ఒక్కటి కూడా చూడకండి. కథ తెలిసిపోయిన తర్వాత ఆడటానికి ఇందులో ఏమీ మిగలదు.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. ఫిన్లండ్‌కు చెందిన అర్వి తెయికరి 2019లో విడుదల చేసిన బాబా ఈజ్ యూ మీ లాప్‌టాప్‌పై నిశ్చింతగా నడుస్తుంది. ఆట నియమాలే తెర మీద మాటలున్న దిమ్మెలుగా పడి ఉంటాయి, వాటిని తోసి నియమాన్నే మార్చవచ్చు. గోడ అడ్డు అని చెప్పే వాక్యాన్ని విడగొడితే గోడ ఇక అడ్డుకాదు. చిన్న చిన్న ఇంగ్లీషు మాటలు తప్ప చదవవలసింది లేదు. చెల్లెలికి మొదటి ముప్పై లెవెల్స్ హాయిగా సాగుతాయి, ఆ తర్వాత చాలా కఠినమవుతుంది. అన్నీ పూర్తి చేయాలన్న పట్టుదల పెట్టుకోనక్కరలేదు, నేనూ పూర్తి చేయలేదు. 2018లో వచ్చిన ఇన్‌టు ద బ్రీచ్‌లో ఎనిమిది గళ్ళకు ఎనిమిది గళ్ళ బల్ల మీద మూడు యంత్రాలతో ఊరిని కాపాడాలి. శత్రువు తర్వాతి ఎత్తులో ఎవరిని కొట్టబోతున్నాడో ముందే చూపిస్తారు కనుక అదృష్టం పాత్ర చాలా తక్కువ. అరుగు మీద పులిజూదం ఆడి పెరిగినవారికి ఆ తీరు వెంటనే పట్టుబడుతుంది, ఎందుకంటే అక్కడా దాచిన పావు ఏదీ ఉండదు, ఓడితే మన కళ్ళ ముందున్నదాన్ని మనం చూడకపోవడం వల్లే ఓడతాం. బిల్లీ బాసో దాదాపు ఏడేళ్ళు ఒక్కడే కూర్చుని చేసిన యానిమల్ వెల్ 2024లో వచ్చింది. డౌన్‌లోడ్ పరిమాణం 40 మెగాబైట్లకు మించదు గాని, దానిలోని రహస్యాలు పొరలు పొరలుగా చాలా లోతుకు పోతాయి. కత్తి లేదు, తుపాకీ లేదు, దొరికేవన్నీ బొమ్మల్లాంటి వస్తువులు, ఒక్కోదానికి రెండు మూడు ఉపయోగాలుంటాయి.

నేర్చుకోవడం వేళ్ళలో జరిగే ఆట కావాలంటే సెలెస్ట్ ఉంది. కొండ ఎక్కే ఆట, వందలసార్లు పడిపోతాం, కానీ పడ్డ క్షణంలోనే అదే తెర మీద మళ్ళీ మొదలవుతుంది. పాత్రకు దూకే శక్తి అంతే ఉంటుంది, మన చేయి మాత్రం కుదురుకుంటుంది. అంచు దాటిన తర్వాత కూడా క్షణంలో చిన్న వంతు పాటు దూకనిచ్చే వెసులుబాటును డెవలపర్లు కనిపించకుండా దాచారు. వేగాన్ని తగ్గించుకునే సహాయక సెట్టింగ్ కూడా ఉంది, దాన్ని వాడుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

వెణ్బా గురించి వేరుగా చెప్పాలి. కెనడాలోని టొరంటోకు చెందిన విసై గేమ్స్ 2023లో చేసిన ఈ ఆటలో, 1988లో తమిళనాడు నుంచి కెనడాకు వచ్చిన ఒక తల్లి, తన తల్లి ఇచ్చిన వంటల పుస్తకం చిరిగిపోయి, తడిసి, అక్షరాలు మాసిపోతే, మిగిలిన ముక్కలను బట్టి వంట చేస్తుంది. కనిపించని మెట్టును మనం ఊహించాలి. నేను పైన చెప్పిన ఆటలన్నీ తెలియనిదాన్ని లోపలే నేర్పుతాయి. ఇక్కడ మాత్రం ఇంట్లో ఇడ్లీ పాత్ర చూసినవారు ఆ తెలివిని బయటి నుంచి తెచ్చుకుని కూర్చుంటారు, పళ్ళాలను ఆవిరి అందేలా ఎలా పేర్చాలో పుస్తకం చెప్పకముందే చేయి చెప్పేస్తుంది. పజిల్‌గా మనకు తేలికే, ఆట మొత్తం రెండు గంటలకు మించదు, ఆ నిడివికి పూర్తి ధర ఎక్కువనిపిస్తే తగ్గింపు వచ్చేదాకా ఆగండి. అమ్మ మాటకు ఇంగ్లీషులో జవాబిచ్చే కొడుకును చూసి విదేశాల్లో పిల్లల్ని పెంచుతున్న తెలుగువాళ్ళు తమ ఇంటినే గుర్తుపడతారు. మీరు వీలైతే మీ అమ్మగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని ఆడండి.

మీకు చాలామంది స్టార్‌డ్యూ వ్యాలీ సూచించి ఉంటారు. ఎరిక్ బరోన్ నాలుగున్నరేళ్ళు ఒంటరిగా శ్రమించి 2016లో విడుదల చేసిన ఆ ఆట మీద నాకెంతో గౌరవం ఉంది, నేను వందల గంటలు ఆడాను. కానీ అందులోనూ పొలం పెరగాలి, పనిముట్లు మెరుగుపడాలి, సంచి పెద్దదవ్వాలి. మీరు అలసిపోయింది సరిగ్గా ఆ పెరుగుదలతోనే కాబట్టి ప్రస్తుతానికి దాన్ని పక్కన పెట్టమంటాను. పైగా మీకున్నది రోజుకు ఒక గంట, ఆ ఆటలో ఇంకొక్క రోజు, ఇంకొక్క రోజు అనుకుంటూ ఒక గంటతో లేవడం చాలా కష్టం.

కొనేటప్పుడు స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో ధరలు రూపాయల్లోనే కనిపిస్తాయి. అన్నీ ఒకేసారి కొనకండి. కోరికల జాబితాలో పెట్టుకుంటే తగ్గింపు వచ్చినప్పుడు కబురు వస్తుంది, ఈ ఆటలన్నింటికీ ఏడాదిలో చాలాసార్లు తగ్గింపు వస్తుంది. కొన్న పద్నాలుగు రోజుల లోపు, ఆడిన సమయం రెండు గంటల లోపు ఉంటే డబ్బు వెనక్కి ఇస్తారు. మీ లాప్‌టాప్‌పై సెన్నార్, ఓబ్రా డిన్ సాఫీగా నడుస్తాయో లేదో తేల్చుకోవడానికి అదే సరైన మార్గం: కొన్న రోజే సెట్టింగ్స్ తగ్గించి ఒక అరగంట నడిపించి చూడండి, తడబడితే వెనక్కి ఇచ్చేయండి.

ఒక నోటు పుస్తకం తప్పకుండా పెట్టుకోండి. ఫోన్‌లో ఫొటో తీసుకుంటే చాలదా అనిపించవచ్చు, కానీ గుర్తును చేత్తో గీసినప్పుడు, ముఖం పక్కన అనుమానపు పేరు రాసినప్పుడు మనసు ఆ పని మీద నిలుస్తుంది. రోజుకు ఒక గంట ఆడేవారికి మరుసటి సాయంత్రం ఎక్కడ ఆగామో గుర్తు చేసేదీ అదే. ఆ పుస్తకం చెల్లెలి చేతికి ఇవ్వండి, కంట్రోలర్ మీరు పట్టుకోండి, రెండో రోజు మార్చుకోండి. సెన్నార్‌లో మొదటి భాష పూర్తయ్యేసరికి ఇద్దరి ఊహల్లో ఎవరివి ఎన్ని నిలబడ్డాయో రాయండి. మధ్యలో ఎక్కడైనా కదలలేకపోతే నెట్‌లో వెతకకుండా ఆ గది పేరు మాత్రం ఇక్కడ చెప్పండి, జవాబు బయటపెట్టకుండా ఎటు చూడాలో చెబుతాను.